మళ్లీ జోడీ పెట్టుండ్రి

ఇయ్యాల రేపు ఓడిపోయినోళ్ల మీద జాలి పుట్టుడు ఎంత సులువైందో చూస్తే నాకు కడుపు మండుతది బిడ్డా. ఏడనో బాక్సింగ్ అయితది. ఓ పిల్ల ఓడిపోతది, కండ్లు తుడుచుకుంటది. గా ఏడ్పును అర నిమిషం ముక్క కోసి ఎవడో లోకానికి పంపుతడు. మా మనవడు అన్నం ముందల కూసోని, కుడిచేత్తోని బువ్వ కలుపుకుంట ఎడమచేత్తోని గా ముక్క చూసి "అన్యాయం తాతా, తొండి చేసిండ్రు" అంటడు. ఆట మొత్తం చూసినవారా అంటే చూడలె. మూడు రౌండ్లల్ల ఎవలు ఎన్ని గుద్దిండ్రో తెల్వదు. ఎవలి మీద ఎవలు ఆడిండ్రో గూడ సక్కగ తెల్వదు. బొటనవేలుతోని ఓ బొమ్మ మీద వత్తిండు, జాలి అయిపాయె. చెయ్యి కడుక్కునేలోపల ఇంకేదో చూసి నవ్వుతుండు.

మా రోజుల్ల జాలి అంటే ఎండల నిలబడుడు. నోరు తెరిచి పెద్దోళ్లను అడుగుడు. ఇంట్లకెళ్లి ఏదన్న తెచ్చి ఓడినోని చేతుల పెట్టుడు. మూడింట్ల ఒక్కటి గూడ చెయ్యనోడు "అయ్యో పాపం" అంటే వాని మాట ఎవ్వలు లెక్కజెయ్యకపోతుండె.

మాది మక్తల్ దిక్కు ఊరు. కృష్ణ దాటితే రాయచూరు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడు కలిపి మాట్లాడే సీమ. జాతర అంటే రథం ఎంతనో కుస్తీ గూడ అంతనే. ఎర్రమట్టి తెచ్చి, జల్లెడ పట్టి, రాళ్లురప్పలు ఏరి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి గోదా తయారు చేసెటోళ్లు. గా మట్టి వాసన ఇప్పటికీ నా ముక్కుల ఉన్నది. మీ ఏసీ జిమ్ములల్ల ఏం వాసన వస్తదో నాకు తెల్వదు. పొద్దు తిరిగినంక డప్పు మోగితే ముందుగాల చిన్నపిలగాండ్లను దించుతుండ్రి. గెలిచినోనికి కొబ్బరికాయ. తర్వాత మీసాలొచ్చినోళ్లు, తర్వాత తాలీములల్ల ఒళ్లు పెంచిన పహిల్వాన్లు. ఆఖరుకు వెండి కడెం కుస్తీ. గా కడెం కోసం యాద్గిరి నుంచి, రాయచూరు నుంచి వస్తాదులు తమ చేలాలను తోల్కొని వచ్చెటోళ్లు. ఎవనికి ఎవడు సరిజోడో ఊరి పెద్దమనుషులు ఇద్దరి రెక్కలు పట్టి చూసి, వయసు అడిగి, జోడీ కట్టెటోళ్లు. సరిజోడు కాకపోతే జనమే ఒప్పుకోకపోతుండె. బక్కోన్ని బలిసినోని మీదికి తోలితే అది కుస్తీ ఎట్లయితది?

ఓ ఏడు మా ఊరి గొర్లకాపరి పిలగాడు, గడ్డం గూడ సక్కగ రాలె, సరిహద్దు అవతల నుంచి వచ్చిన పహిల్వాన్ మీద దిగిండు. చానసేపు పట్టిండు. ఆఖరుకు పహిల్వాన్ ఎత్తి ఏసిండు. మావోడు నెత్తి, మడమలు మట్టికి ఆనిచ్చి, నడుమును పైకి లేపి పట్టుకున్నడు. రెండు రెక్కలు మట్టికి తాకితేనే చిత్తు. తాకలె. గోదా చుట్టు కూసున్న ముందు వరుసోళ్లం అందరం చూసినం. తీర్పు చెప్పే పెద్దమనిషి అవతలి పక్క నిలబడ్డడు, చెయ్యి ఎత్తిండు, చిత్తు అన్నడు. డప్పు ఆగిపోయింది. మావోడు లేసిండు, పిడికెడు మట్టి తీసి కండ్లకద్దుకున్నడు, పహిల్వాన్ చెయ్యి పట్టుకున్నడు, పక్కకు వచ్చి నిలబడ్డడు. ఒక్క మాట అనలె. ఏడ్వలె.

జనం లేవలె బిడ్డా. నీకు చెప్తే నమ్మవు, రథం కదిలే యాళ్లయినా గోదా కాడి నుంచి ఒక్కడు లేవలె. "వాని వీపు చూడుండ్రి, రెక్కల నడుమ మట్టి అంటిందా చూడుండ్రి, మళ్లీ జోడీ పెట్టుండ్రి" అని ఒక్కటే మాట. పెద్దమనిషి తన తీర్పు మార్చలె, తీర్పు మారిస్తే వచ్చే ఏడు ఎవడు మాట వింటడని ఆయన పట్టు ఆయనది. గానీ వచ్చే జాతరకు గదే జోడీ మళ్లీ కడ్తమని అందరి ముందట మాట ఇచ్చిండు. అప్పుడు లేసినం. కిరాణం సేటు తన నెత్తి మీది రుమాలు తీసి పిలగాని నెత్తికి చుట్టిండు. ముసలమ్మలు జొన్నరొట్టెలు, పల్లికారం మూటగట్టి తెచ్చిండ్రు. ఏడాది పొడుగూత వాళ్లింటికి ఎవలో ఒకలు పొద్దుగాల చెంబెడు పాలు పంపిండ్రు, పిలగాడు తాగి బలం పట్టాలెనని. కడెం గెలిచినోని పేరు మా ఊర్లె ఎవ్వలకూ యాదికి లేదు. ఓడినోని పేరు మాత్రం నా ఈడోళ్లందరికీ ఎరుక.

వచ్చే ఏడు జోడీ కట్టిండ్రు. మావోడు మళ్లీ ఓడిండు. ఈసారి రెండు రెక్కలు సాఫ్‌గ మట్టికి తాకినయి, అన్ని దిక్కులోళ్లు చూసిండ్రు. ఎవ్వలు లొల్లి చేయలె. గెలిచినోన్ని భుజాల మీద ఎత్తుకొని తిరిగినోళ్లల్ల మా ఊరోళ్లే ఎక్కువ. అట్లుండె మా జాలి. దానికి ఓ అడుగుడు ఉండె. అడిగింది దొరికినంక అది చాలించుకుంటుండె.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. ఇందూరు పిల్ల నిఖత్ జరీన్ ముచ్చట. మీరంతా ఆ బిడ్డ బంగారు పతకాలు చూసిండ్రు, నేను ఆ బిడ్డ ఓటమి దగ్గర ఆగిపోయిన. నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌ల పరుగు పందాలు ఉరుక్కుంట మొదలుపెట్టి, ఆడపిల్లలు లేని ఆట ఏదంటే బాక్సింగ్ అని తెల్సి, 13 ఏండ్లకు చేతులకు గ్లౌజులు తొడిగింది. తండ్రి జమీల్ అహ్మద్ వెంట నిలిచిండు. పొట్టి నిక్కరు ఏందని, పెండ్లెట్లయితదని చుట్టుపక్కలోళ్లు అన్న మాటలన్నీ ఆయనే మోసిండు. విశాఖపట్నంల ఐ.వెంకటేశ్వర రావు దగ్గర నేర్చుకొని, 2011ల టర్కీ అంతాల్యాల జూనియర్ ప్రపంచ పోటీలల్ల బంగారం తెచ్చింది. 2017ల భుజం తప్పింది. చేతితోని బతికే ఆటల భుజం పోతే ఏం మిగుల్తది? మళ్లీ లేసింది.

2019 ఆగస్టుల ప్రపంచ పోటీలకు 51 కిలోలల్ల ఎవలు పోవాల్నో తేల్చే ట్రయల్ ఉండె. ఓ దిక్కు మేరీ కోమ్, ఇంకో దిక్కు నిఖత్. గా ట్రయల్‌ను బాక్సింగ్ సమాఖ్య రద్దు చేసి మేరీని నేరుగ పంపింది. మేరీ కంచు పతకం తెచ్చింది. తర్వాత ఒలింపిక్ అర్హత పోటీలకు గూడ అట్లనే పంపుతరన్న మాట బయటికొచ్చింది. అప్పుడు, అక్టోబర్ 17న, ఈ బిడ్డ క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు ఉత్తరం రాసింది. నన్ను పంపుండ్రి అని రాయలె, గది చూడు. జోడీ కట్టుండ్రి అని రాసింది. అన్ని బంగారు పతకాలున్న ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గూడ ప్రతి ఒలింపిక్స్‌కు మళ్లీ అర్హత సాధించుకోవాల్నే గదా అన్నది. షూటర్ అభినవ్ బింద్రా నోరిప్పి ఆమె దిక్కు మాట్లాడిండు. బాక్సింగ్ సంగతి నీకెందుకని మేరీ ఆయన మీద కోపం చేసింది. నిఖత్ అంటే ఎవలు, నాకు తెల్వదన్నది.

నేను పాతకాలపోన్ని. పెద్దోళ్ల ముందట చిన్నోళ్లు నోరెత్తుడు నాకు ఇప్పటికీ నచ్చదు. వస్తాదు కాళ్లకు మొక్కనిదే మా పిలగాండ్లు గోదాల అడుగుపెట్టకపోతుండ్రి. మేరీ మామూలు మనిషి కాదు. మణిపూర్‌ల పేదింట్ల పుట్టి, పిల్లల తల్లయినంక గూడ ఆగకుండ, మొత్తం ఆరుసార్లు ప్రపంచాన్ని గెలిచిన మనిషి. 2012 లండన్‌ల ఒలింపిక్ పతకం తెచ్చింది. అసోంటి మనిషిని మళ్లీ పరీక్ష రాయమంటవా అని నా మనసు గుంజింది. గానీ మా వస్తాదుల తీరు గూడ నాకు ఎరుకే. ఎంత పెద్ద వస్తాదయినా చిన్నోడు గోదాకు పిలిస్తే రాకుండ ఉండకపోతుండె. పిలిచినోన్ని ఎవలు నువ్వు అనకపోతుండె. పేరడిగి, ఊరడిగి, తాలీమ్ ఏదని అడిగి, నవ్వుకుంట దిగుతుండె. చిన్నోడు పిలిస్తే దిగుడే ఆయన పెద్దతనం.

సరే, సమాఖ్య జోడీ కట్టింది. 2019 డిసెంబర్ 28, ఢిల్లీ, ఇందిరా గాంధీ స్టేడియం. మేరీ 9-1తోని గెలిచింది. తెలంగాణ నుంచి పోయిన బాక్సింగ్ సంఘంవాళ్లు ఆడనే లొల్లి పెట్టిండ్రు, సమాఖ్య అధ్యక్షుడు అజయ్ సింగ్ దిగొచ్చి చల్లబరచవలసి వచ్చింది. ఆట అయినంక నిఖత్ దగ్గరికి పోతే మేరీ చెయ్యి కలపలె. ఎందుకు కలపాలె, మర్యాద ఇచ్చి పుచ్చుకోవాలె అన్నది. 23 ఏండ్ల పిల్ల కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది.

ఆ పొద్దు నుంచి దేశం సగం ఆ పిల్ల వెనుక నిలబడ్డది. ఇప్పుడు నేను చెప్పేది జర మనసు పెట్టి విను. ఆ జాలి అంకెల మీద పుట్టింది కాదు. 9-1 అంటే తేడా చిన్నది కాదు, తీర్పును నేను తప్పుపట్టను. మా గొర్లకాపరి పిలగాని వీపు తీరు వేరే, అది తీర్పుల పడ్డ తప్పు. ఈడ తప్పు తీర్పుకు ముందటిది, వెనుకటిది. ముందట, జోడీ కట్టమని అడిగి అడిగి ఓ ఆటగత్తె మంత్రికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చుడు. వెనుక, చాచిన చెయ్యి గాల్లె మిగులుడు. మా గోదాల గెలిచినోడు ఓడినోన్ని లేపకుండ పక్కకు పోతే వానికి కడెం ఇయ్యనీకే పెద్దమనుషులకు చేతులు రాకపోతుండె.

మీ ఫోన్లల్ల మాత్రం గీ తేడా ఏడ కనబడతది? అన్నీ ఒక్కటే గంపల ఏస్తరు. తీర్పు తప్పయినా, పద్ధతి తప్పయినా, మర్యాద తప్పయినా, అసలు ఏ తప్పూ లేకుండ సాఫ్‌గ ఓడినా, అన్నిటికీ "దోచుకున్నరు" అనే ఒక్క మాటే. గట్ల అనుకుంట పోతే నిజంగ దోచుకున్న పొద్దు ఏమంటవు?

నిజంగ దోచుకున్న పొద్దులున్నయి. 1988, సియోల్ ఒలింపిక్స్. రాయ్ జోన్స్ అనే అమెరికా పిలగాడు, 19 ఏండ్లోడు, ఫైనల్‌ల కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ మీద 86 దెబ్బలు కొట్టిండు. అవతలోడు కొట్టినయి 32. తీర్పు 3-2తోని కొరియాకు. మా ఊరికి పేపరు హైదరాబాద్ బస్సుల పగటిపూటకు వస్తుండె, చావడి కాడ ఒకడు చదువుతుంటే పది మందిమి వింటుంటిమి. అమెరికా ఏడుందో తెల్వనోళ్లు గూడ రెండు దినాలు గదే ముచ్చట పెట్టిండ్రు, మా గోదా మొత్తం యాదికొచ్చిందోళ్లకు. ఆ ఒలింపిక్స్‌ల అందరికన్న మంచి బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని ఓడిన రాయ్ జోన్స్‌కే ఇచ్చిండ్రు. ఇగ గెలిచినోని బతుకు చూడు. రింగులనే రాయ్ జోన్స్‌ను పట్టి పైకెత్తిండు పార్క్, పతకం మెడల పడ్డా మనసుకు పట్టలె. ఓడినోడు కోర్టుల ఏడిస్తే గెలిచినోడు ఇంట్ల ఏడ్సిండని మనోళ్లు ఊకెనే అనలె. 2023ల, 35 ఏండ్లకు, అమెరికాకు పోయి రాయ్ జోన్స్ ఇంటికాడ గా బంగారు పతకం ఆయన చేతుల పెట్టొచ్చిండు పార్క్. ఈ సంగతి మా మనవడే నాకు ఫోన్ల చూపెట్టిండు. చూపెట్టినందుకు వాన్ని మెచ్చుకున్న. రెండు మాటలే, ఎక్కువ మెచ్చుకుంటే చెడిపోతరు.

బాక్సింగ్‌తోని వచ్చిన చిక్కు ఏందంటే, కుస్తీల వీపు మట్టికి తాకిందా లేదా అని జనం మొత్తం చూస్తరు. బాక్సింగ్‌ల పడిపోతే తప్ప, ఎవలు గెలిచిండ్రో రింగు చుట్టు కూసున్న జడ్జీల కండ్లే చెప్పాలె. రౌండుకు గెలిచినోనికి 10, ఓడినోనికి 9, ఎవని లెక్క వానిది. సియోల్ గొడవ తర్వాత 1992 నుంచి ఒలింపిక్స్‌ల మిషన్ పెట్టిండ్రు. దెబ్బ పడ్డదని జడ్జీలు సెకను లోపల మీట నొక్కితేనే పాయింటు. చూడనీకే మంచిగనే ఉండె. తర్వాత బాక్సర్లు ఆట మర్సిపోయి మీటకు కనబడే గుద్దులే గుద్దుడు మొదలుపెట్టిండ్రు. 2013ల మిషన్ తీసేసిండ్రు. 2016 రియోల ఐర్లాండ్ పిలగాడు మైకేల్ కాన్లన్ ఓడినంక జడ్జీల దిక్కు వేలు చూపెట్టి తిట్టిండు. 2019ల ఒలింపిక్ కమిటీ అంతర్జాతీయ బాక్సింగ్ సంఘాన్నే పక్కకు పెట్టింది. ఇంత లొల్లి మా జాతరల ఒక్క పెద్దమనిషి, ఒక్క మాటతోని తెంపెటోడు. ఆ పెద్దమనిషి గూడ తప్పు చెప్పినోడే గదా తాతా, అంటడు మనవడు. చెప్పిండు. గానీ మా మొకం చూసి చెప్పిండు, మల్లేడాది మళ్లీ మా మొకమే చూడాల్సిన మనిషి. టీవీల అవతల కూసున్న జడ్జీ ఎవలి మొకం చూస్తడు?

మన ఆడబిడ్డల్లనే సరితా దేవి ఉన్నది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలు, సెమీఫైనల్. కొరియా బాక్సర్‌ను ఉతికి ఆరేసిందని చూసినోళ్లంతా అన్నరు, జడ్జీలు మాత్రం అవతలామె గెలిచిందన్నరు. మర్నాడు పతకాలిచ్చే కాడ సరిత కంచు పతకం తీసుకొని ఆ కొరియా పిల్ల మెడలనే ఏసింది. దేశం మొత్తం కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. అంతర్జాతీయ సంఘం మాత్రం ఏడాది నిషేధం ఏసింది, బిడ్డ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. దేశం జాలి ఆ ఏడాది ఏడికి పోయింది? నిషేధం ఎత్తేయమని రోడ్డు మీద ఎవడన్న కూసున్నడా? ఎండాకాలం మొగులు తీరు ఉరిమింది, చినుకు రాలకుండనే పోయింది.

ఇగ దేవుని లెక్క చూడు. ఆ 9-1 మేరీ కోమ్ 2021 జులై 29న టోక్యో ఒలింపిక్స్‌ల కొలంబియా ఇంగ్రిట్ వాలెన్సియా మీద ఆడింది. మూడు రౌండ్లల్ల రెండు మేరీవే అని లెక్కలు చెప్తుండె. తీర్పు 3-2తోని వాలెన్సియాకు. తాను గెలిచిన్నే అనుకొని, సంబురంగ డోప్ పరీక్షకు గూడ పోయి, ఫోన్ చూసినంక ఓడిన్నని తెల్సుకున్నది పాపం. మళ్లీ దేశం మొత్తం జాలి. ఏడాదిన్నర కింద ఇదే మనిషిని చెయ్యి కలపలేదని తిట్టినోళ్లే "మా మేరీని మోసం చేసిండ్రు" అన్నరు. నాకు కోపం రాలె, బాధయింది. పిలగాండ్లారా, నిన్న తిట్టినోళ్లను ఇయ్యాల ఎత్తుకునేటప్పుడు నడుమ కాసేపన్న ఆగాలె గదా. ఆగుడు మీకెవ్వలు నేర్పలె.

జాలి గురించి నేను ఇంత గునుగుడు ఎందుకంటవేమో. మాది పాలమూరు, మా ఇంటామెది నల్లగొండల మర్రిగూడ దిక్కు. జాలి తిని బతికిన జిల్లాలు ఈ రెండు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా అయ్యో అన్నది. దేశంల ఏ డ్యామ్ కట్టినా మట్టి మోసింది మావోళ్లే, మా చేన్లకు మాత్రం నీళ్లు లేకుండె. నారాయణపేట, మక్తల్ నుంచి బొంబాయికి బస్సులు నిండి పోతుంటే ముసలోళ్లు మాత్రమే ఊర్లల్ల మిగిలెటోళ్లు. నల్లగొండ సంగతి ఇంకా అన్యాయం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కు రాయి ఏసిండు, 1967 ఆగస్టుల ఇందిరమ్మ నీళ్లొదిలింది. ఆ నీళ్లు పోతనే ఉన్నయి, పక్కన మా అత్తగారి ఊరోళ్లు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు వంకరయి కూసున్నరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిండ్రు. ఫొటోలు తీసుకోనీకే ఎంతమంది వచ్చిండ్రో. అందరూ జాలిపడ్డరు. మా మామ చనిపోయేదాక లేసి నిటారుగ నిలబడలె. జాలి వచ్చినంత తొందరగ కృష్ణ నీళ్లు రాలె. అందుకే ఓడినోళ్లను చూసి ఊకె అయ్యో అనేటోళ్లంటే నాకు పడదు. ఏం కావాల్నో అడుగు. అది వచ్చేదాక లేవకు.

ఇంత మాట్లాడినంక ఒక్క సంగతి చెప్పకపోతే నా నోటికి న్యాయం కాదు. మా జాతరల ఆడోళ్లు గోదా దరిదాపులకు రాకుండె. మిద్దెల మీదికెళ్లి కొంగు అడ్డం పెట్టుకొని చూసెటోళ్లు. మా చెల్లె నాకన్న గట్టిది. బాయి కాడ నుంచి రెండు బిందెలు ఒక్కసారి మోస్తుండె, మా ఈడు పిలగాండ్లను ముంజేతితోని వంచుతుండె. ఓపారి జాతరకు ముందట "నేను గూడ పడ్త" అన్నది. ఇంటిల్లాది నవ్విండ్రు. ఆ పిల్లకు జోడీ కట్టుండ్రని ఊర్లె ఒక్కడు అడగలె. గెలుచుడో ఓడుడో గోదాల దిగినంకటి మాట, దిగనిస్తేనే గదా. మా రోజులు మంచియే. నెమ్మదియి, నీతివి, జనం మాట మీద నిలబడేటియి. గానీ నిఖత్ జరీన్ మా రోజుల్ల పుట్టుంటే ఆ బిడ్డ మీద జాలిపడే అవసరమే ఎవ్వలకూ రాకపోతుండె. ఉత్తరం రాసినా మక్తల్ పోస్టాఫీసు దాటకపోతుండె. 2019ల అది దేశం మొత్తానికి ఒక్క పూటల చేరింది. మంత్రి చదివిండు, బింద్రా చదివిండు, జోడీ కట్టక తప్పలె. నేను తిట్టే గా ఫోన్లే ఆ పని చేసినయి. ఈ మాట మా మనవనితోని అనకు. ఇప్పటికే నా మాట వింటలేడు.

ఓడినంక ఆ బిడ్డ ఏం చేసిందో అది మాత్రం అచ్చం మా పాత తాలీము పద్ధతి. జాలిని అమ్ముకోలె. పోయి సాధన చేసింది. 2022 ఫిబ్రవరిల బల్గేరియా స్ట్రాంజా పోటీలల్ల టోక్యో వెండి పతకం తెచ్చిన టర్కీ బాక్సర్‌ను కొట్టి బంగారం తెచ్చింది. మే 19న ఇస్తాంబుల్‌ల థాయ్‌లాండ్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తోని ఓడించి ప్రపంచ విజేత అయింది. మన దేశంల ఐదో ఆడబిడ్డ. గెలిచినంక "ట్విట్టర్‌ల నా పేరు మోగుతుందా" అని అడిగిందట. మావోడు కడెం గెలిస్తే డప్పు మోగిందా అని అడుగుతుండె, ఈ కాలం పిల్ల ఇది అడిగింది. అడగనీ, గెలిచింది గదా. అదే ఏడు బర్మింగ్‌హామ్‌ల కామన్వెల్త్ బంగారం, 2023ల ఢిల్లీల మళ్లీ ప్రపంచ బంగారం. రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్లు, ఇంటి జాగ ఇచ్చింది, తర్వాత పోలీసుల డీఎస్పీ నౌకరి ఇచ్చింది. ఇది నాకు నచ్చింది. చేతుల ఏదన్న పెట్టుడంటే గిట్లుండాలె.

ఇగ 2024 ఆగస్టు 1, ప్యారిస్ ఒలింపిక్స్. రెండుసార్ల ప్రపంచ విజేతకు సీడింగ్ లేదు. మొదటి ఆటల జర్మనీ అమ్మాయిని గెలిచింది. రెండో ఆటకే ఒకటో సీడు, చైనా వూ యూ ఎదురుపడ్డది. 5-0తోని ఓడింది. కండ్లనీళ్లతోని దేశాన్ని మాఫీ అడిగింది. గా ఏడ్పు ముక్క ఆ రాత్రి అందరి ఫోన్లల్ల తిరిగింది, మా ఇంట్ల గూడ తిరిగింది. తీర్పుల తప్పు లేదు, అవతలామె గట్టిగ ఆడింది, దోచుకున్నరని నేను అనను. గానీ రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచిన మనిషి సీడు లేకుండ రింగుకెట్ల పోయింది? అర్హత లెక్కలు ఎవలు కట్టిండ్రు, మనోళ్లు ఆ పాయింట్లు చూసుకున్నరా లేదా, ముందుగాల ఎవడన్న పోయి అడిగిండా? కోట్ల మంది కండ్లనీళ్ల ముక్క చూసిండ్రు. గీ లెక్క అడిగినోడు మాత్రం నాకు ఒక్కడు గూడ కనబడలె బిడ్డా. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 2028ల ఉన్నది. అప్పటిదాక టైమ్ ఉన్నది, ఇప్పుడే అడగనీకే మొదలుపెట్టుండ్రి.